టీఎఫ్ఎస్ఏలో 4.5 శాతం అన్నారు, వచ్చింది 121 డాలర్లే: అసలు వడ్డీ లెక్క ఇదీ

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. మీరు 2022లో పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద కెనడాలోని ఒంటారియో వచ్చారు. 2024 మార్చిలో ఒక పెద్ద బ్యాంకులో టీఎఫ్ఎస్ఏ (పన్ను లేని పొదుపు ఖాతా) తెరిచి ఒకేసారి 7,000 డాలర్లు వేశారు. 4.5 శాతం అన్నారు కాబట్టి ఏడాది తిరిగేసరికి 315 వస్తాయనుకున్నారు. స్టేట్‌మెంట్‌లో చూస్తే 121. మీ ఆఫీసులో ఒకాయన తన టీఎఫ్ఎస్ఏ 5 శాతం ఇస్తోందన్నాడు. బ్యాంకు వాళ్లు మోసం చేశారా, పీపీఎఫ్‌లో లాగా ఐదో తారీఖు లోపు వేయాల్సిందా, ఈ 121ని ట్యాక్స్‌లో చూపాలా, ఈ వడ్డీ వల్ల వచ్చే ఏడాది ఇందులో వేసుకోగల లిమిట్ తగ్గుతుందా, డబ్బు తీసేసి ఇంకో బ్యాంకులో వేసుకోవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు మాత్రం ఇప్పుడే ఒక ముక్క చెబుతాను: ఇదంతా చదివే దాకా డబ్బు తీయకండి.

మోసం ఏమీ జరగలేదు. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో 4.5 కింద చిన్న అక్షరాల్లో "మొదటి 90 రోజులు" అని ఉంది. ఆ తర్వాత మామూలు రేటు 0.8 శాతం. ఇప్పుడు లెక్క చూడండి. 7,000 మీద 4.5 శాతం అంటే రోజుకు దాదాపు 86 సెంట్లు. 90 రోజులకు, నెలనెలా కలిసిన వడ్డీ మీద వడ్డీతో సహా, 78 డాలర్లు. తొంభై ఒకటో రోజు నుంచి అదే డబ్బు మీద రోజుకు 15 సెంట్లు చిల్లర. మిగిలిన 275 రోజులకు 43 డాలర్లు. 78, 43 కలిపితే మీ 121. ఏడాది మొత్తం మీద మీకు పడింది 1.7 శాతం పైచిలుకు. ప్రకటనలో రాసే రేటు ఎప్పుడూ ఏడాది లెక్కనే ఉంటుంది, అది ఎన్నాళ్లు నడుస్తుందన్నది వేరే సంగతి. "వార్షిక 4.5 శాతం, మూడు నెలలు" అంటే ఆ మూడు నెలలకు మీ చేతికొచ్చేది 1.1 శాతం.

ఇక్కడే అసలు పాయింటు. టీఎఫ్ఎస్ఏకి సొంతంగా వడ్డీ రేటంటూ లేదు. కెనడా ప్రభుత్వం 2009లో దీన్ని తెచ్చినప్పుడు చేసింది ఒక్కటే, ఈ అకౌంటు లోపల వచ్చే ఆదాయం మీద పన్ను అడగనని చెప్పింది. ఇది గొడుగు లాంటిది. పన్ను మీద పడకుండా ఆపుతుందే గానీ, కింద నిలబడ్డవాడికి జీతమివ్వదు. లోపల మామూలు సేవింగ్స్ పెడితే సేవింగ్స్ వడ్డీ, జీఐసీ (గడువు డిపాజిట్) పెడితే జీఐసీ వడ్డీ, షేర్లో ఈటీఎఫ్‌లో (షేర్ల బుట్ట లాంటి ఫండ్లు) కొంటే వాటి లాభమో నష్టమో. "నా టీఎఫ్ఎస్ఏ 5 శాతం ఇస్తోంది" అని ఎవరైనా అంటే, లోపల ఏముందో అడగండి.

మీ ఆఫీసు ఆయన విషయం నాకు అర్థమైనంత వరకు ఇది. బ్యాంక్ ఆఫ్ కెనడా (మన ఆర్‌బీఐ లాంటిది) 2022 మార్చిలో రేట్లు పెంచడం మొదలుపెట్టి 2023 జులైకి 5 శాతానికి తీసుకెళ్లింది. ఆ రోజుల్లో రెండేళ్ల జీఐసీ వేసుకున్నవాళ్లకు 5 శాతం దొరికింది, గడువు తీరే దాకా అది మారదు. 2024 జూన్ నుంచి బ్యాంక్ ఆఫ్ కెనడా తగ్గించుకుంటూ వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదు, కాకపోతే ఆ రేటు ఇవాళ మీకు దొరకదు. ఆయనది గడువు తీరాక ఆయనకూ దొరకదు.

ఇక ఐదో తారీఖు సంగతి. పీపీఎఫ్‌లో ప్రతి నెలా ఐదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస బ్యాలెన్స్ మీద లెక్కేసి, మార్చి 31న జమ చేస్తారు. ఆరో తారీఖున వేస్తే ఆ నెల వడ్డీ గోవిందా. అందుకే మన వాళ్లకు ఆ భయం రక్తంలో ఉంది. ఇక్కడ ఆ గొడవ లేదు. ఇక్కడి టీఎఫ్ఎస్ఏ సేవింగ్స్‌లో మామూలుగా ప్రతి రోజూ చివర్లో ఉన్న బ్యాలెన్స్ మీద ఆ రోజు వడ్డీ లెక్కగట్టి, నెలకోసారి జమ చేస్తారు. పదో తారీఖున వేసినా, ఇరవై మూడున వేసినా ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. జమ అయిన వడ్డీ అసలులో కలిసి, మర్నాటి నుంచి దాని మీదా వడ్డీ వస్తుంది. 0.8 శాతం దగ్గర ఆ వడ్డీ మీద వడ్డీ పైసలకు కూడా కొరగాదనుకోండి.

ప్రమోషన్ రేట్ల దగ్గర ఇంకో రెండు మెలికలు ఉంటాయి. చాలావాటిలో ఎక్కువ రేటు కొత్తగా బయటి నుంచి తెచ్చిన డబ్బుకే వర్తిస్తుంది. అదే బ్యాంకులో మీ చెకింగ్ (రోజువారీ ఖర్చుల ఖాతా) నుంచి మార్చింది లెక్కలోకి రాకపోవచ్చు. కొన్ని చోట్ల మామూలు వడ్డీ నెలనెలా పడి, బోనస్ భాగం గడువు ముగిశాక ఒకేసారి పడుతుంది. మధ్యలో డబ్బు తీస్తే ఆ బోనస్ పోవచ్చు. అకౌంటు తెరిచేటప్పుడు "తొంభై ఒకటో రోజు రేటెంత?" అని కౌంటర్లో అడగండి. ఆ జవాబే మీ అసలు రేటు.

జీఐసీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, వడ్డీ కోసమే టీఎఫ్ఎస్ఏ వాడేవాళ్లు చివరికి అక్కడికే వస్తారు కాబట్టి. మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే, అయితే ఒక పెద్ద తేడా ఉంది. ఇండియాలో ఎఫ్‌డీని మధ్యలో విరగ్గొడితే కొంత వడ్డీ కోసుకుని ఇచ్చేస్తారు. ఇక్కడ నాన్ రిడీమబుల్ జీఐసీ అంటే మామూలుగా గడువు దాకా డబ్బు బయటకు రాదు, అంతే. ఇంట్లో ఎవరికో బాగాలేదు, ఇండియా టికెట్లు కొనాలి అన్నా రాదు. క్యాషబుల్ రకంలో వస్తుంది కానీ రేటు తక్కువ, మొదటి కొన్ని వారాలు వడ్డీ లేకుండా కూడా ఉండొచ్చు. అందుకని అత్యవసరానికి ఉంచుకున్న డబ్బును గడువు జీఐసీలో వేయవద్దని నేను గట్టిగా చెబుతాను, రేటు అర శాతం ఎక్కువున్నా సరే.

ఒక ఏడాది మించిన జీఐసీ అయితే వడ్డీ చక్రవడ్డీనా, ఏటా బయటకు ఇచ్చేదా అని చూసుకోండి. 7,000 ఐదేళ్లకు 3.5 శాతం అనుకుందాం. ఏటా వడ్డీ విడిగా ఇచ్చేస్తే మొత్తం 1,225 డాలర్లు. అసలులో కలుపుతూ పోతే దాదాపు 1,314. తేడా 89 డాలర్లు. రేటు ఒకటే అయినా ఆ ఒక్క టిక్కు మార్కుకు అంత విలువ. పైగా విడిగా ఇచ్చే వడ్డీ ఎక్కడికి వెళ్తోందో కూడా చూడాలి. టీఎఫ్ఎస్ఏ లోపలున్న సేవింగ్స్‌లోకి వెళ్తే ఫర్వాలేదు. మీ చెకింగ్ అకౌంటులోకి వెళ్లేట్టు పెట్టారంటే, ప్రతిసారీ మీరు టీఎఫ్ఎస్ఏ నుంచి డబ్బు తీసినట్టే లెక్క. దాని మీద పన్నేమీ పడదు, కానీ లిమిట్‌లో వేరే ఖాళీ లేకపోతే, తిరిగి లోపల వేయడానికి వచ్చే జనవరి దాకా ఆగాలి.

గడువు తీరే రోజును ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మీరు ఏమీ చెప్పకపోతే చాలా బ్యాంకులు అదే గడువుకు మళ్లీ తిప్పేస్తాయి, అదీ ఆ రోజు బోర్డు మీదున్న రేటుకు. బేరమాడితే దొరికే రేటుకు కాదు. మార్కెట్ లింక్డ్ జీఐసీ అని ఒకటి అమ్మజూపుతారు, "గరిష్ఠంగా ఇంత రావచ్చు" అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కనీస గ్యారంటీ వడ్డీ ఎంతో చూడండి, కొన్నింటిలో అది సున్నా. అసలు పోదు, నిజమే. మూడేళ్లు డబ్బు కట్టేసి సున్నా తెచ్చుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

ట్యాక్స్ సంగతి. మీ 121 డాలర్లను రిటర్నులో ఎక్కడా చూపనక్కర్లేదు. టీ5 స్లిప్ (వడ్డీ ఆదాయం చూపిస్తూ బ్యాంకు పంపే కాగితం) రాదు, రానందుకు కంగారు పడొద్దు. అదే మామూలు సేవింగ్స్ అయితే వడ్డీ 50 డాలర్లో అంతకు మించో ఉంటే టీ5 వస్తుంది. అంత లేకపోయినా చూపాల్సిందే, స్లిప్ రాలేదు కదా అని వదిలేయడం తప్పు. బయట వేసిన చక్రవడ్డీ జీఐసీ మరీ చిత్రం. ఐదేళ్ల దాకా పైసా చేతికి రాకపోయినా, ఏటా పోగైన వడ్డీకి ఏటా పన్ను కట్టాలి. టీఎఫ్ఎస్ఏ లోపల ఈ బాధ లేదు.

అయితే "ట్యాక్స్ ఫ్రీ" అన్న మాట విని రేటు చూడటం మానేయడమే మన వాళ్లు ఎక్కువగా చేసే పని. ఏటా రిటర్నుల సమయంలో నేను చూసేది ఇదే. మీరు అదనంగా సంపాదించే ప్రతి డాలరు మీద పన్ను 30 శాతం అనుకుందాం. బయట 3 శాతం వడ్డీ ఇచ్చే మామూలు సేవింగ్స్‌లో 7,000 పెడితే 210 వస్తాయి, 63 పన్నుకు పోయినా 147 మిగులుతాయి. టీఎఫ్ఎస్ఏలో 0.8 శాతానికి ఏడాదంతా పెడితే 56. పన్ను కట్టినవాడే నయం! మీ 121 మీద ఆదా అయిన పన్ను 36 డాలర్లు. అదే టీఎఫ్ఎస్ఏలో 3.5 శాతం జీఐసీ వేసి ఉంటే 245 వచ్చేవి, అంటే మీరు వదులుకుంది 124. పన్ను మినహాయింపు బాగుండాలంటే మినహాయించడానికి ముందు ఏదో ఒకటి రావాలి కదా.

టీఎఫ్ఎస్ఏలో వేయడానికి అప్పు తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే, ఆ అప్పు వడ్డీని ఖర్చుగా చూపడం కుదరదని గుర్తుంచుకోండి. లోపలి ఆదాయానికి పన్ను లేదు కాబట్టి దానికోసం కట్టిన వడ్డీకీ మినహాయింపు లేదు.

లిమిట్ విషయానికొద్దాం. లోపల వచ్చిన వడ్డీ మీ రూమ్‌ను, అంటే ఇంకా వేసుకోగల లిమిట్‌ను, తినదు. 7,000 వేశారు, అది 7,121 అయింది, వాడిన రూమ్ 7,000 మాత్రమే. 7,121 మొత్తం తీసేస్తే, వచ్చే జనవరి 1న ఆ ఏడాది కొత్త రూమ్‌తో పాటు 7,121 తిరిగి వస్తుంది. అంటే వచ్చిన వడ్డీ మీ రూమ్‌ను పెంచినట్టే. నష్టం వచ్చినా ఇదే సూత్రం. లోపల షేర్లు కొని 7,000 కాస్తా 4,000 అయితే, ఆ 4,000 తీసినప్పుడు తిరిగి వచ్చే రూమ్ 4,000 మాత్రమే.

మీ లిమిట్ 1,02,000 అని ఎవరో చెప్పారన్నారు. అది 2009 నుంచి ఇక్కడే ఉండి, అప్పటికే 18 దాటినవాళ్లకు 2025 దాకా పోగైన మొత్తం. మీరు రెసిడెంట్ అయిన ఏడాది నుంచే మీకు లెక్క మొదలవుతుంది. 2022కి 6,000, 2023కి 6,500, 2024కి 7,000, 2025కి 7,000, కలిపి 26,500. డిసెంబరులో దిగినా ఆ ఏడాది రూమ్ పూర్తిగా వస్తుంది, నెలల లెక్కన కోయరు. మీరు వేసింది 7,000 కాబట్టి 2025 లెక్క ప్రకారం ఇంకా 19,500 ఉంది. సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లోని మై అకౌంట్‌లో కనిపించే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. బ్యాంకులు గత ఏడాది లావాదేవీలు ఫిబ్రవరి నెలాఖరు దాకా పంపుతాయి, ఈ ఏడాది మీరు వేసింది అందులో ఉండదు. ఒక కాగితం మీద తేదీ, వేసింది, తీసింది రాసుకోండి, చాలు.

రూమ్ దాటితే నెలకు 1 శాతం పన్ను, ఆ నెలలో ఎక్కువైన గరిష్ఠ మొత్తం మీద. ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే రిటైర్మెంట్ ఖాతాలో లిమిట్ దాటినా ఉండే 2,000 డాలర్ల వెసులుబాటు ఇక్కడ లేదు. 2,000 ఎక్కువ వేసి ఐదు నెలలు ఉంచారంటే 100 డాలర్లు కట్టాలి. అదే ఐదు నెలల్లో 3.5 శాతానికి ఆ 2,000 సంపాదించేది 29. మన వాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇలాగే: రూమ్ అంతా నింపేసి ఉంటారు, నవంబరులో అవసరానికి 3,000 తీస్తారు, డిసెంబరులో బోనస్ రాగానే తిరిగి వేసేస్తారు. నా డబ్బే కదా అని. తీసిన దానికి రూమ్ జనవరి 1నే తిరిగి వస్తుంది కాబట్టి డిసెంబరు జమ మొత్తం అదనం కింద లెక్క. మూడు వారాలు ఓపిక పడితే సరిపోయేది.

మీరు అడగలేదు గానీ, ఇండియాలో పీపీఎఫ్, ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీలు ఉన్నాయని ప్రశ్నలో రాశారు కాబట్టి చెప్పక తప్పదు. అవి ఇండియాలో పన్ను లేనివి. కెనడా రెసిడెంట్‌గా మీరు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపాలి, ఆ వడ్డీకి ఇక్కడ పన్ను ఉంది. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడి పన్నులో తగ్గించుకునే క్రెడిట్ కూడా రాదు. ఎన్‌ఆర్‌ఓలో అయితే టీడీఎస్ కోసి ఉంటారు, దానికి క్రెడిట్ అడగొచ్చు. బయటి దేశంలో పెట్టిన సొమ్ముల కొనుగోలు విలువ మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే, వాటి వివరాలు చెప్పే టీ1135 ఫారం కూడా ఉంది. ఇదే సూత్రం తిరగేసి: రేపు ఇండియా వెళ్లిపోతే టీఎఫ్ఎస్ఏ మూసేయనక్కర్లేదు, కెనడా దాని మీద పన్ను అడగదు. కానీ నాన్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు కొత్తగా వేస్తే నెలకు 1 శాతం పడుతుంది, కొత్త రూమ్ పోగవదు. అక్కడ మీరు పూర్తి రెసిడెంట్ అయ్యాక ఇండియా దృష్టిలో అది మామూలు విదేశీ ఆదాయమే.

డబ్బు భద్రత గురించి చాలామంది అడుగుతారు. సీడీఐసీ (డిపాజిట్లకు బీమా ఇచ్చే కెనడా ప్రభుత్వ సంస్థ) సభ్య బ్యాంకుల్లో టీఎఫ్ఎస్ఏ డిపాజిట్లకు లక్ష డాలర్ల దాకా బీమా ఉంది, అదీ మీ మామూలు అకౌంట్ల బీమాకు విడిగా. క్రెడిట్ యూనియన్లకు ప్రావిన్సు బీమా. కాబట్టి పేరు పెద్దగా వినని ఆన్‌లైన్ బ్యాంకు ఎక్కువ రేటు ఇస్తుంటే, సీడీఐసీ సభ్యత్వం చూసుకుని భయం లేకుండా వెళ్లండి. ఇది డిపాజిట్లకు, జీఐసీలకే. షేర్లకు, ఫండ్లకు కాదు.

నా అభిప్రాయం ఒకటి, నచ్చితే తీసుకోండి. ఐదారేళ్ల దాకా ముట్టుకోని డబ్బైతే టీఎఫ్ఎస్ఏ రూమ్‌ను 0.8 శాతం సేవింగ్స్‌తో నింపడం నాకు అసలు నచ్చదు. రూమ్ విలువైనది, దాంట్లో ఎక్కువ పెరిగే అవకాశమున్నది పెట్టాలి. మీరు మాత్రం వచ్చే ఏడాది ఇంటి డౌన్‌పేమెంట్‌కు అన్నారు. అలాంటప్పుడు ఒడుదొడుకులు వద్దు, ఒక ఏడాది జీఐసీ గానీ, మంచి రేటున్న ఆన్‌లైన్ టీఎఫ్ఎస్ఏ సేవింగ్స్ గానీ సరైన చోటు.

ఇప్పుడు బ్యాంకు మారడం. మీకు 19,500 రూమ్ ఖాళీగా ఉంది కాబట్టి ఇవాళ 7,121 తీసి రేపు ఇంకోచోట వేసినా మీకు జరిమానా పడదు. అయితే మళ్లీ వేసిన 7,121 ఈ ఏడాది రూమ్‌లోంచి పోతుంది, జనవరిలో తిరిగి వస్తుంది. ఈలోపు ఇంకా 12,379 వేసుకోవచ్చు, దాన్ని దాటకూడదు. రూమ్ నిండినవాళ్లు మాత్రం ఈ పని చచ్చినా చేయకూడదు. వాళ్లకు రెండు దారులు: డిసెంబరు చివర్లో తీసి జనవరిలో వేయడం, లేదా కొత్త బ్యాంకుకు వెళ్లి నేరుగా ట్రాన్స్‌ఫర్ ఫారం నింపడం. ఫారం దారిలో డబ్బు మీ చేతికి రాదు, బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్తుంది, రూమ్ కదలదు. పాత బ్యాంకు మామూలుగా ట్రాన్స్‌ఫర్ ఫీజు కోస్తుంది. కొత్త బ్యాంకు దాన్ని తిరిగిస్తుందేమో ముందే అడగండి, 7,000 మీద వంద డాలర్ల ఫీజు పోతే, 3 శాతం లెక్కన ఏడాది వడ్డీలో దాదాపు సగం దానికే. డబ్బు చేరాక పాత బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి తెరిచి, అందులో "ట్రాన్స్‌ఫర్" అని ఉందో "విత్‌డ్రాయల్" అని ఉందో చూసుకోండి. రెండోది ఉంటే అదే వారం ఫోన్ చేసి సరిచేయించుకోండి. ఫిబ్రవరిలో వాళ్లు సీఆర్‌ఏకు పంపేది ఆ రికార్డునే.